కవరు మీద పరాయి చేతిరాత

బిష్కెక్, జూన్ 14

ప్రియమైన సాలైకా అక్కకు,

నువ్విచ్చిన కిడ్నీ మూడేళ్లుగా నిక్షేపంగా పనిచేస్తోంది. పేచీ అంతా గొంతులో. పాత కిడ్నీ జబ్బు రోజుల్లో ఉబ్బిన నాలుగు చిన్న గ్రంథులు ఇంకా ఎముకల్లోంచి కాల్షియం లాగేస్తున్నాయట. మొన్న తుమ్మితే పక్కటెముక విరిగింది. ఆపరేషన్ చేసి మూడున్నర గ్రంథులు తీసేస్తారట. ఎముకలు గట్టిపడతాయి కానీ, ఆ తర్వాత కొందరికి కిడ్నీ మందగిస్తుందని డాక్టరమ్మ చెప్పింది. కత్తంటే భయం లేదక్కా. నీ కిడ్నీని పాడుచేసుకుంటానేమోనని భయం. వద్దంటే మానేస్తాను.

నువ్వు పంపిన ఎండు పెరుగు ఉండలు తినొద్దన్నారు, రక్తంలో కాల్షియం ఎక్కువట. వాసన చూసి దాచుకున్నాను.

నీ ఎర్మెక్

సోన్‌కోల్ మేత భూమి, జూన్ 20

నా బంగారు తమ్ముడికి,

"నీ కిడ్నీ" అని ఇంకోసారి రాశావంటే కొండ దిగొచ్చి చెవి మెలేస్తాను. ఇచ్చేసిన గుర్రం కళ్లెం పట్టుకుని తిరుగుతానట్రా? తుమ్మితే విరిగే ఎముకలతో ఎన్నాళ్లుంటావు? చేయించుకో. భయం నాకూ ఉంది. పాలు పితకడానికి కూర్చుంటే నా భయం పసిగట్టి ఆడగుర్రాలు బెదురుతున్నాయి.

ఇక్కడ ఫోను అందదు. అవగానే రాసి వ్యాను నడిపే కదిర్‌కివ్వు. కవరు మీద నీ చేతిరాత కనిపిస్తే చాలు, లోపలిది తీరిగ్గా చదువుకుంటాను.

నీ అక్క సాలైకా

సోన్‌కోల్, జూలై 9

ఎర్మెక్, నా తండ్రీ,

కదిర్ ఒక్కడే రాలేదు. ఇద్దరు పెద్దల్ని వెంటబెట్టుకొచ్చాడు. చావు కబురు ఒక్కడే తేకూడదు కదా మనలో. పులిసిన గుర్రప్పాల కుమిస్ పోస్తే ముట్టలేదు. ఏమైందని అడిగితే, "ముందు నువ్వు కూర్చో తల్లీ" అన్నాడు పెద్దాయన.

"ఆస్పత్రి కవరక్కా. నీ తమ్ముడి రాత కాదు. నేను విప్పలేదు" అన్నాడు కదిర్.

అది నా ఒళ్లో ఉంది. విప్పనంతసేపూ నువ్వు బతికే ఉంటావు. అందుకే నీకు ఉత్తరం రాస్తున్నాను. చేయించుకోమన్నది నేనే. కిడ్నీ పోతే పోనీరా, నువ్వుండు.

పెద్దాయన దగ్గుతున్నాడు. విప్పుతున్నాను.

అక్క

ఆ కవరులో ఉన్న ఉత్తరం
బిష్కెక్, జూలై 3

ప్రియమైన అక్కకు,

రాత చూసి భయపడకు. నేను చెబుతుంటే నర్సమ్మ రాస్తోంది. ఆపరేషన్ అయిపోయింది. ఆకలి మీదున్న ఎముకలు రక్తంలోని కాల్షియమంతా మింగేశాయట. పెదవులు మొద్దుబారాయి. వేళ్లు కొంకర్లు పోయి కలం నిలవడం లేదు. నరంలోకి కాల్షియం ఎక్కిస్తున్నారు. రక్తపరీక్షలో కిడ్నీ అంకె మూడు రోజులు పెరిగింది, అది పెరిగితే కిడ్నీ మందగించినట్టట. ఆ మూడు రోజులూ నిన్ను తలచుకుని దుప్పట్లో ఏడ్చాను. నిన్న ఆగింది. అంకె పాత చోటికి రాకపోయినా కిడ్నీ నిలబడుతుందంటోంది డాక్టరమ్మ.

దాచుకున్న పెరుగు ఉండ ఇవాళ తినమన్నారు. ఇంకో సంచి పంపు.

కవరు మీద నేనే రాస్తానని రెండు కవర్లు పాడుచేశాను. కింద సంతకం మాత్రం నాదే. పిల్లి గీకినట్టుంది, గుర్తుపట్టు.

ఎ... ర్మె... క్