ఆ ఏడు బొమ్మలూ ఆవిడవే

అమ్మకు నమస్కారాలు. ఇక్కడ ఆయన, పిల్లలు, నేను కులాసా. మీరిద్దరూ అలాగే ఉన్నారని నీ ఉత్తరం చూసి స్థిమితపడ్డాను. నాన్న కొత్త కళ్లజోడు పెట్టుకుని వీధికంతా వినపడేలా పేపరు చదువుతున్నారన్నావు. పిల్లలు పడీ పడీ నవ్వారు.

నా మెడనొప్పి గురించి అడిగావు. తగ్గింది. నెలంతా మ్యూజియం గోదాములో వంగి పనిచేయడం వల్ల వచ్చిందది. పేరున్న ఒక చిత్రకారుడి బొమ్మలు ఏడింటికి చట్రాలు విప్పి దుమ్ము దులిపాం. ఒకదాని వెనక పెన్సిలుతో రాసి ఉంది: "పాపకి జ్వరం. ఆకాశం రేపు వేయాలి." ఆయన భార్య రాసిన పాత ఉత్తరాలతో పోల్చి చూస్తే అదే చేతిరాత. మిగతా ఆరింటి వెనకా అలాంటి మాటలే. బొమ్మలు వేసింది ఆవిడన్నమాట. అందరూ నోళ్లు తెరిచారు. నేను తల దించుకున్నాను.

ప్రమోషన్ ఏమైందన్నావు కదా. రాలేదు. ఎందుకు రాలేదో చెప్పాలంటే, ఇన్నాళ్లూ నీ దగ్గర దాచిన సంగతి చెప్పాలి.

పన్నెండేళ్ల కిందట, నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో, ఆవిడే స్వయంగా వచ్చింది. "ఆ ఏడూ నేనేసినవమ్మా. ఆయన పేరుంటేనే జనం చూస్తారని ఊరుకున్నా. ఇప్పుడైనా రాసుకో" అంది. అప్పటి మా పెద్దసారు నన్ను పక్కకి పిలిచి, "ముసలావిడకి మతి తప్పింది. విన్నట్టు చేసి పంపించెయ్" అన్నాడు. గంటసేపు తలూపుతూ కాగితం మీద పిచ్చిగీతలు గీశాను. ఆవిడ వెళ్లగానే చింపేశాను. మరుసటేడు ఆవిడ కన్నుమూసింది.

మొన్న ఇదంతా రాసి డైరెక్టరుగారికిచ్చాను. బొమ్మల కింద పేరు మారుస్తున్నారు. నా ప్రమోషన్ ఆపేశారు. ఆపాల్సిందే.

ఆదివారం ఆవిడ కూతురింటికి వెళ్లాను. నేనెవరో చెప్పగానే చేతులు పట్టుకుంది. "ఆ పిల్లవి నువ్వేనా! 'ఒక్క ముక్క వదలకుండా రాసుకుందే' అని అమ్మ పోయేదాకా మురిసిపోయింది."

 అయినా చెప్పాను, ఒక్క ముక్కా రాయలేదని.

చేతులు వదిలేసి లోపలికి వెళ్లిపోయింది. ఇక రాదనుకుని లేచాను. అంతలో ఒక నోటుపుస్తకం తెచ్చి నా ముందు పెట్టింది.

"కూర్చో. అమ్మ చెప్పినవన్నీ నాకు గుర్తున్నాయి. ఈసారి నేను చూస్తుండగా రాయి."

సాయంత్రం దాకా రాశాను.

తిట్టాలనిపిస్తే తిట్టమ్మా. జవాబు మాత్రం రాయి.

ఇట్లు,
నీ పెద్దమ్మాయి