పెట్టెలో దొరికిన కార్డులు

ఈ ఉత్తరం కూడా పోస్టులో పడదు. అది నీకు కొత్తేమీ కాదు.

నీ సంవత్సరీకం మరునాడు, బట్టలు ఎవరికైనా ఇద్దామని నీ ఇనుప పెట్టె తెరిచాను. అడుగున నేను రేడియోకి రాసిన కార్డులన్నీ ఉన్నాయి. ఒక్కదాని మీద కూడా పోస్టు ముద్ర లేదు.

మన పెళ్లయిన ఏడాది ఏ ఊళ్లో మైకు పెట్టినా ఒకటే సినిమా పాట. రేడియోలో అది వేయమని రాసి, కింద మనిద్దరి పేర్లూ పెట్టి నీకిచ్చేదాన్ని. మొగుడి పేరు నోటితో పలకకూడదు కదా, కార్డు మీద రాస్తుంటే ఎంత సంబరంగా ఉండేదో! రామన్నపేటలో డబ్బాలో వేశానని చెప్పేవాడివి. ఆదివారం పంచాయతీ రేడియో ముందు నా పక్కనే కూర్చుని, కోరినవాళ్ల పేర్లన్నీ అయిపోయాక, "మన కార్డు అందలేదేమో, జర ఓపిక పట్టు" అనేవాడివి.

మీ తమ్ముణ్ణి అడిగాను. "ఆడమనిషి పేరు ఊరందరి ముంగట చదివితే ఇజ్జత్ పోతదని అన్న భయపడ్డడు వదినా" అన్నాడు.

వద్దంటే మానేసేదాన్ని. రాయనిచ్చి, దాచి, పక్కన కూర్చుని నాతోపాటు ఎదురుచూశావు చూడు, అదే మింగుడు పడటం లేదు.

ఈసారి నేనే రామన్నపేట నడిచివెళ్లి కార్డు వేశాను. ఈరోజు చదివారు. ఊరంతా విన్నది. పాట మొదలవుతుంటే పక్కింటి అంజమ్మ నా మోచెయ్యి పట్టుకుంది.

"గదేందే, ఒక్క నీ పేరే వచ్చింది? మీ ఆయన పేరు సదువుడు మర్శిన్రా?"

"వాళ్లు మరువలే," అన్నాను. "నేనే రాయలే."