యాదగిరన్న తప్పు లేదు

గ్రేస్ మేడమ్ గారికి,

నా లాప్‌టాప్ మాటిమాటికీ వేడెక్కి ఆగిపోవడం వల్ల కంపెనీకీ, క్లయింట్లకీ, సమస్త విద్యుత్ జాతికీ కలిగిన మనస్తాపానికి మోకాళ్ల మీద నిలబడి క్షమాపణ కోరుతున్నాను.

సిస్టమ్స్ విభాగం యాదగిరన్న దాన్ని మూడుసార్లు విప్పారు. ఫ్యాన్‌లో దుమ్ము దులిపారు, ప్రాసెసర్ మీద వేడి లాగేసే కొత్త పేస్టు రాశారు. "ఆఫీసుల పొద్దంత మంచిగనే నడుస్తది. మీ ఇంటికి పోంగనే దీనికి ఏమైతది తమ్మీ?" అని అడిగారు.

"దానికి మా హఫీజ్‌పేట్ నచ్చలేదన్నా" అన్నాను. పాపం, ఆయన నవ్వారు.

నిన్న మీరు అందరి ముందూ ఆయనతో, "ఇంకోసారి ఆగిపోతే మీ బదులు వేరే మనిషిని తెచ్చుకుంటాం" అన్నారు. ఆయన తల దించుకున్నారు. నేను పక్కనే ఉన్నాను. అప్పట్నుంచీ ఆయన ముఖం చూడలేకపోతున్నాను.

ఆయన్ను తీసేయకండి మేడమ్. ఇంటి నుంచి పనిచేసే రోజుల్లో, నేను సీట్లోనే ఉన్నట్టు మీకు కనిపించాలని తెర మీద బాణం గుర్తు కదులుతూ ఉండేలా మౌస్ కింద ముల్లు తిరిగే చేతిగడియారం పెట్టి, అమ్మ కంట పడకుండా లాప్‌టాప్ మీద రెండు దుప్పట్లు కప్పి, క్రికెట్ ఆడటానికి వెళ్లేవాణ్ణి.