కోప్పడమన్న డాక్టరమ్మ

చెల్లీ,

కనుబొమల మధ్య మడతలకు ఇంజెక్షన్ చేయించుకున్నాను. నవ్వకు.

డాక్టరమ్మ అద్దం ముందు కూర్చోబెట్టి, "ఒకసారి కోపంగా చూడండమ్మా" అంది. నాకేమో నవ్వొచ్చింది. అప్పుడు, "ముసలి మొహమా" అని నువ్వు ఫోన్ పెట్టేసిన రోజు తలుచుకున్నాను. అంతే, కనుబొమలు ముడిపడ్డాయి!

ముడిపడినచోటల్లా ఆమె చుక్కలు పెట్టింది. కనుబొమ ఎముక మీద బొటనవేలు అదిమిపట్టి, వెంట్రుకంత సూదితో కాస్తకాస్తే మందు దించింది. "ఇది కిందికి జారితే కనురెప్ప వాలిపోతుంది. ఇవాళంతా రుద్దకండి" అంది. ఆ చేతికి దండం పెట్టాలనిపించింది.

రెండు వారాలైంది. నిన్నెంత తలుచుకున్నా కనుబొమలు ముడిపడటం లేదే! ఇన్నేళ్ల కోపం నాలుగు చుక్కలకే నిద్రపోయింది. అద్దం ముందు నోరెళ్లబెట్టి నిలబడిపోయాను.

మందు మూడు నాలుగు నెలలే పనిచేస్తుందట. ఆలోపే రావే.

ఇట్లు,
ముసలి మొహం