నాపరాయి రంగు

అత్తయ్యగారికి,

నిన్నటితో మీ సంవత్సరీకం అయిపోయింది. మీకు చెప్పదగ్గ మాట ఈ పొద్దున్నే దొరికింది. అందుకే కలం పట్టాను.

ఈ ఏడాదంతా మన వాకిట్లో ముగ్గు లేదు. నా ముగ్గుల బ్లాగు కూడా అలాగే వదిలేశాను. చుక్క తప్పితే చెప్పడానికి మీరు లేరు, మళ్ళీ మొదలుపెట్టగలనా అని భయం.

పొద్దున్నే ఎదురింటి సరస్వతి చీపురు, బకెట్టు పట్టుకుని వచ్చింది.

"ఏడాది ఆగిన వాకిట్లో తొలి ముగ్గు ఇరుగుపొరుగే వెయ్యాలి కదండీ పిన్నిగారూ. మీరు కాస్త జరగండి."

నాపరాళ్ళు కడిగి మీ తామరపూల ముగ్గు వేసింది. "పెద్దమ్మగారు నేర్పిందే. వంకరపోతే చెరిపించి మళ్ళీ వేయించేవారు. నా నడుం పడిపోయేది" అని నవ్వింది.

మీ మనవరాలు రజని నా బ్లాగు మళ్ళీ తెరిచి కంప్యూటర్ ముందు కూర్చుని, "అత్తా, అక్షరాల వెనక ఈ గులాబీల బొమ్మ తీసేసి ఏం పెట్టమంటావ్?" అంది. వాకిట్లోకి పిలిచి చూపించాను.

"నేలా?"

"నేలేనమ్మా."

బ్లాగులో ఇప్పుడు తడి నాపరాయి రంగు మీద తెల్లటి అక్షరాలు, అంచుకి గడప పసుపు. మొదటి ఫొటో సరస్వతి ముగ్గు. సాయంత్రానికి నందిగామ నుంచి ఒకావిడ, ఆ మెలిక ఎలా తిప్పాలని అడిగింది. మీరు చెప్పినట్టే రాసి పంపాను.

రేపు వాకిట్లో నేనే వేస్తాను.

రజని ఈ ఉత్తరం కూడా బ్లాగులో పెడదామంది. వద్దన్నాను. దీపం పెట్టి మీ పటం వెనక ఉంచుతున్నాను. మీ దగ్గరే ఉండనివ్వండి, ఎవరికీ చూపించకండి.