బరువు ఒకటే, మందం వేరు

బుజ్జీ,

పాలు కాచి మూతపెట్టాను, చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టు. అమ్మ లేవగానే మాత్ర వేయించు. నేను ప్రెస్సుకి వెళ్తున్నాను.

నిన్న మాస్టారి కథల పుస్తకం కట్ట విప్పితే, వెన్ను మీద ఉండాల్సిన పేరు సగం ముందు అట్ట మీదికి జారి ఉంది కదా. నేను వెంటనే "మా అమ్మాయే కొలత తప్పిందండీ, పనికి కొత్త" అనేశాను. నువ్వు తల దించుకుని నా వెనక్కి వెళ్ళి నిలబడ్డావు.

పొద్దున్నే రెండు కాగితాలూ మందం కొలిచే గేజిలో పెట్టి చూశాను. నువ్వు వెన్ను కొలిచింది గరుకు కాగితానికి. అది దొరక్కపోతే నున్నటిది వేయించింది నేను. రెండూ ఎనభై జీఎస్ఎమ్మే కదా అని నీకు చెప్పనైనా లేదు. జీఎస్ఎమ్ చెప్పేది బరువే. నున్నటి కాగితాన్ని బాగా నొక్కి చేస్తారు కాబట్టి, అంతే బరువున్నా పల్చగా ఉంటుంది. పేజీలన్నీ కలిసేసరికి పుస్తకం సన్నబడిపోయింది. నీ కొలతలో తప్పేమీ లేదు.

ఇన్నేళ్ళుగా కాగితంతో బతుకుతున్నవాణ్ణి, ఇది నాకు తెలియక కాదు. మాస్టారు నా వైపు చూసేసరికి నోటికి నువ్వే దొరికావు. తలుచుకుంటే తల కొట్టేసినట్టుంది.

ఆయన ఇవాళ మళ్ళీ ప్రెస్సుకి వస్తున్నారు. తప్పు నాదేనని, అట్టలు తిరిగి వేయిస్తానని పనివాళ్ళందరి ముందే చెప్తాను.

నాన్న

నువ్వు రాకపోయినా ఏమీ అనుకోను. వస్తే మాత్రం నిన్నటిలా నా వెనక నిలబడకమ్మా, పక్కన నిలబడు.