షెడ్డుకు అడ్డుగోడ వద్దు

పాత పనిముట్లకు తుప్పు వదిలించి, సానపట్టి బతికిన నేను, బుద్ధి స్థిమితంగా ఉండగా, ఎవరి బలవంతమూ లేకుండా నా ఇష్టపూర్తిగా రాస్తున్న వీలునామా ఇది. మోకాళ్ళు మొరాయిస్తున్నాయి గానీ బుర్ర బాగానే పనిచేస్తోంది. మా అబ్బాయి నమ్మడని డాక్టరు సర్టిఫికెట్ కూడా జతచేశాను.

1. ఉలులన్నీ మా అమ్మాయికి. వాటి పిడులు తన అరచేతికి సరిపోయేలా నేనే చెక్కాను. ఇంకొకరి చేతిలో ఇమడవు.

2. పెద్ద రంపం, చిత్రిక మా అబ్బాయికి. చిత్రిక బ్లేడు మీద తుప్పు చుక్కలు కనిపిస్తే నిమ్మచెక్కతో ఉప్పు అద్ది రుద్దు నాయనా. బాత్రూం యాసిడ్ జోలికి మళ్ళీ పోవద్దు. నువ్వు షెడ్డులో ఆ సీసా మూత తీసి వదిలేసిన మర్నాటికి, ఆ ఆవిరికి గోడమీది పనిముట్లన్నీ ఎర్రబడ్డాయి. తెలియక చేశావు. ఇనుము మీద పగబట్టావని నీ చెల్లెలు నలుగురిలో అనడమూ తప్పే. అప్పట్నుంచి మీకు మాటల్లేవు. ఇప్పుడు షెడ్డు మధ్య గోడ కట్టి పంచమని ఇద్దరూ విడివిడిగా వచ్చి నా ప్రాణం తోడేస్తున్నారు.

3. లేత్ షాపు మిత్రుడు అడిగి తీసుకెళ్ళి తిరిగివ్వని స్పానర్ ఇకమీదట అతనిదే. ఈ వీలునామా అమలు చేసే బాధ్యతా అతనిదే. నా వస్తువులు భద్రంగా దాచడంలో అతనికి అనుభవం ఉంది.

4. పాత ఇనుము కొట్టువాడికి ఏమీ లేదు. మీ అమ్మ కత్తెరను తూకానికి అడిగిన మనిషి. గేటు లోపలికి రానివ్వకండి.

5. ఈ అంశాన్ని మాత్రం నేను పోయిన రోజే పిల్లలిద్దరికీ చదివి వినిపించాలి, మిగతావి తర్వాత. షెడ్డు ఇద్దరికీ ఉమ్మడిగా చెందుతుంది. అడ్డుగోడ కట్టే హక్కు ఎవరికీ లేదు. ఏ రోజు చూసినా నా తొట్టిలో, వెనిగర్‌లో, ఏదో ఒక పనిముట్టు నానుతూనే ఉంటుంది. నేను పోయానని వెనిగర్ ఆగదు. తుప్పు అయిపోయాక ఇనుమునే తింటుంది. నా దగ్గర కూర్చున్నది చాలు, లేచి వెళ్ళి దాన్ని బయటికి తియ్యండి. వంటసోడా నీళ్ళలో కడగ్గానే తుడిచి నూనె పట్టించాలి. మీ అమ్మ ఉన్నప్పుడు నేను కడిగి ఇస్తే తను పొడిగుడ్డతో అందుకునేది. ఒక్కణ్ణయ్యాక, నేను చెయ్యి తుడుచుకుని గుడ్డ వెతుక్కునేలోగా మళ్ళీ ఎర్రటి పొర కమ్ముకుంటోంది. అప్పుడల్లా తను గుర్తొచ్చి పని ఆపేసి కూర్చుంటాను. ఇది ఇద్దరి పని. కడిగేదెవరో, తుడిచేదెవరో మీరే తేల్చుకోండి. అందుకైనా ఒకరితో ఒకరు మాట్లాడక తప్పదు.

తేదీ: జూన్ పదకొండు, మధ్యాహ్నం, షెడ్డులో.

సంతకం: మీ నాన్న
(కింద ఉన్నది నూనె మరక. కొట్టివేతగా భావించరాదు.)

సాక్షులు: ఎదురింటి టైలరు, మందుల షాపు ఆవిడ